దేవుని గుణాన్ని వాక్యంలో వెదకడం – 4వ పాఠం: నిర్గమకాండము 34:6–7

గత పాఠంలో 1 యోహాను 4:8 దగ్గర ఆగాం. దేవుడు ప్రేమాస్వరూపి అని సండేస్కూలు పిల్లలు కూడా చెబుతారు. ఆ ప్రేమ ఎలాంటిదో చెప్పమంటే పెద్దవాళ్లం కూడా తడబడతాం. అందుకని ఈ వారం దేవుడు తన గురించి తానే చెప్పుకున్న చోటికి వెళ్దాం. బైబిలు, నోటుబుక్కు, రోజుకో అరగంట చాలు. రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక కూర్చోండి.

తిన్నగా 34:6కి పోవద్దు. 32వ అధ్యాయం నుంచి చదువుతూ రండి. జనం దూడను చేసుకుని మొక్కారు, మోషే ఆజ్ఞల పలకలు పగలగొట్టాడు. 33:18లో నీ మహిమ చూపించమని అడిగితే, నా ముఖం చూడలేవన్నాడు దేవుడు (33:20). ఆ తర్వాత మోషేకి వినిపించిన మాటలు: కనికరం, దయ, దీర్ఘశాంతం, విస్తారమైన కృపాసత్యాలు. వాటి వెంటే 34:7లో దోషాన్ని క్షమిస్తాననే మాట, దోషిని శిక్షించకుండా విడవననే మాట రెండూ ఉన్నాయి. కలల కోసం, దర్శనాల కోసం ఎదురుచూసేవాళ్లు ఇక్కడ కాస్త నిలబడాలి. కంటికి కనబడని దేవుణ్ణి మోషే ఎరిగింది ఈ గుణాల ద్వారానే. పైగా ఈ మాటలు వినబడింది జనం బుద్ధిగా ఉన్న రోజుల్లో కాదు, దూడ పాపం ఇంకా ఆరని రోజుల్లో.

చేలోకి వచ్చే నీళ్లు ఎక్కడివో చూడాలంటే బోదె గట్టున నడిచి, లాకులు దాటి, ధవళేశ్వరం దాకా పోవాలి. ఈ మాటల్నే తర్వాతి పుస్తకాలు మళ్లీ మళ్లీ ఎత్తుకున్నాయి, ఆ వచనాలన్నిటికీ ఆనకట్ట నిర్గమ 34. ఇక దిగువకి వద్దాం.

నోటుబుక్కు అడ్డంగా తిప్పి నాలుగు గళ్లు గీయండి: వచనం, పలికినవారు, అప్పటి పరిస్థితి, నిర్గమ మాటల్లో ఏది ఉంచారు – ఏది వదిలారు. మొదటి వరస నిర్గమ 34:6–7. తర్వాత రోజుకొకటి: సంఖ్యా 14:18, నెహెమ్యా 9:17, కీర్తన 103:8, యోవేలు 2:13, యోనా 4:2, నహూము 1:3. ఒక్కోదానికి అధ్యాయమంతా చదవాలి.

అసలు పని నాలుగో గడిలో ఉంది. సంఖ్యాకాండంలో మోషే క్షమాపణ మాటనీ శిక్ష మాటనీ రెంటినీ ఉంచి వేడుకున్నాడు. దేవుడు క్షమించానన్నాడు (14:20). అయినా ఎదురు తిరిగినవాళ్లు ఆ దేశాన్ని చూడరని వెంటనే చెప్పాడు (14:22–23). యోవేలు మిడతలు పంట తినేసిన రోజుల్లో మాట్లాడాడు. కోసిన పనలు తుపాను నీళ్లలో నానడం చూసిన రైతుకి ఆ మొదటి అధ్యాయం ఎవరూ విడమరచనక్కర్లేదు. యోవేలు శిక్ష మాట తీసేసి, దేవుడు కీడు చేయక పశ్చాత్తాపపడతాడని చేర్చాడు. యోనా ఇంచుమించు అవే మాటలు పలికాడు, కానీ నీనెవె పట్టణాన్ని శిక్షించకుండా ఎందుకు విడిచిపెట్టావన్న కోపంతో. అదే నీనెవె గురించి నహూము దీర్ఘశాంతాన్ని ఉంచి, కృప మాట ఎత్తకుండా, దోషుల్ని నిర్దోషులుగా ఎంచడన్నాడు. యోనా, నహూము వరసలు ఒకే రాత్రి పక్కపక్కన పెట్టి చదవండి. యోనా ఒక్కడితో ఆపితే ఏం చేసినా చెల్లుతుందనిపిస్తుంది, నహూము ఒక్కడితో ఆపితే ప్రార్థనకే భయమేస్తుంది.

తప్పులు ఎక్కువగా జరిగేది రెండు చోట్ల. మొదటిది వాగ్దాన కార్డు, అంటే కొత్త సంవత్సరానికి ఒక్క వచనం రాసి ఇచ్చే కార్డు. డిసెంబరు 31 రాత్రి యిర్మీయా 29:11 వచ్చిందని సంబరపడతాం, దాని పై వచనంలోని 70 ఏళ్ల బబులోను చెర సంగతి కార్డు మీద ఉండదు. కార్డు వెనక 10వ వచనం కూడా రాసుకోండి.

రెండోది ఇంతకన్నా ప్రమాదం. 34:7లో మూడు నాలుగు తరాల మాట పట్టుకుని, ఇంట్లో జబ్బులూ అప్పులూ వరసగా వస్తే పితరుల శాపమంటారు. దాన్ని తెంచడానికి ప్రత్యేక ప్రార్థన, దానికో కానుక. నిర్గమ 20:5–6 తీయండి. తరాల శిక్ష తనను ద్వేషించేవాళ్ల గురించి అని అక్కడ స్పష్టంగా ఉంది, కరుణ లెక్క వెయ్యికి పోతుంది. యెహెజ్కేలు 18:20 తండ్రి దోషాన్ని కొడుకు మోయడంటుంది. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో కొబ్బరి తోటలు కూలాయి. అలాంటప్పుడు ఎవరి పాపమో వెతకబోయేముందు లూకా 13:4–5 చదవాలి. సిలోయములో గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావాళ్లకన్నా పాపులా అంటే యేసు కాదన్నాడు, వింటున్నవాళ్లని మాత్రం మారుమనస్సు పొందమన్నాడు.

ఏడు వరసలూ నిండాక ఎనిమిదోది ఖాళీగా ఉంచండి, అది యోహాను 1:14–18కి. వచ్చే పాఠం అక్కడే మొదలవుతుంది. నహూము దగ్గర నాలుగో గడి మరీ కఠినంగా తయారైతే, అదే అధ్యాయం 7వ వచనం చదివి కింద చేర్చండి.