రోహిణి కార్తె ఎండ ఎవరి పని? భూతాపంపై అనుమానాన్ని ఇంట్లోనే సరిచూసుకోవడం ఎలా

"రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు తాతల కాలం నుంచీ ఉన్నాయి, ఇప్పుడు కొత్తేముంది?" మే నెల వచ్చిందంటే హైదరాబాద్‌లో ఏదో ఒక కుటుంబ గ్రూపులో ఈ మాట తప్పదు. దాని వెంటే ఒక రుజువు కూడా వస్తుంది. బేగంపేటలో 1966 జూన్ 2న నమోదైన 45.5 డిగ్రీల రికార్డు చెక్కుచెదరలేదు కాబట్టి భూతాపం వట్టిమాట అని. అదే గ్రూపులో మరొకరు, ఇంకొన్నేళ్లలో ఈ నగరంలో మనిషన్నవాడు బతకలేడని వీడియో పెడతారు. ఈ రెండింటినీ ఒకే కొలబద్దతో కొలవొచ్చు. ఒక లాప్‌టాప్, ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్, రెండు సాయంత్రాలు ఉంటే చాలు. బయట చిన్న ప్రయోగం కూడా చేస్తానంటే ఒకే రకం డిజిటల్ థర్మామీటర్లు రెండు కావాలి.

ముందు మాటను మూడు ముక్కలు చేయండి

భూమి వేడెక్కుతోందా? అది మనిషి వల్లేనా? దానివల్ల ఏం జరుగుతుంది? ఇవి మూడు వేర్వేరు ప్రశ్నలు. మొదటి రెండింటికీ ఆధారాలు చాలా గట్టివి. మూడోదానిలో కొన్ని గట్టివి, కొన్ని అంచనాలు, కొన్ని ఒట్టి అతిశయోక్తులు. వాదనలు దారి తప్పేది సాధారణంగా ఒకచోటే. మూడో ప్రశ్నలో దొరికిన తప్పును చూపించి మొదటి ప్రశ్నను కొట్టేస్తారు.

దీనికి మన దేశంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. 2035 నాటికి హిమాలయ హిమనదాలు మాయమైపోవచ్చని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో ఒక వాక్యం వచ్చింది. అది తప్పు. 2010 జనవరిలో ఐపీసీసీ ఒప్పుకుంది కూడా. ఆ వాక్యం ఉన్నది పర్యవసానాల గురించిన సంపుటంలో. ఉష్ణోగ్రతల లెక్కలున్న సంపుటం వేరే. తప్పును తప్పనడం సబబే. హిమనదాలు అసలు కరగడమే లేదనడానికి మాత్రం అది ఆధారం కాదు, అవి కరుగుతూనే ఉన్నాయి.

అందుకే ఫార్వర్డ్ చేతికి రాగానే అది ఏ ప్రశ్నకు చెందిందో కాగితం మీద రాయండి. దాని కిందే "ఏ అంకె కనిపిస్తే నా అభిప్రాయం మార్చుకుంటాను" అన్నది రాయండి. డేటా తెరవకముందే రాయాలి. తెరిచాక రాస్తే మనసు తనకు నచ్చిన అంకెనే ఎంచుకుంటుంది.

బేగంపేట లెక్క

బేగంపేట వాతావరణ కేంద్రం అంతర్జాతీయ సంఖ్య 43128. నాసా గిస్ సంస్థ వెబ్‌సైట్‌లో స్టేషన్ల డేటా పేజీ ఉంటుంది. అందులో హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్ అని వెతికి సీఎస్వీ ఫైలు దించుకోండి. డబ్బు కట్టనక్కర్లేదు. ఒక్కో వరుస ఒక్కో సంవత్సరం. పన్నెండు నెలల సగటులు, ఆ తర్వాత మూడేసి నెలల రుతువుల సగటులు, చివర వార్షిక సగటు ఉంటాయి.

మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. డేటా లేని నెలలో 999.90 అని ఉంటుంది. దాన్ని తీసేయకుండా సగటు తీస్తే హైదరాబాద్ సూర్యుడి మీద ఉన్నట్టు వస్తుంది. ఆ గళ్లన్నీ ఖాళీ చేయండి, సున్నా మాత్రం పెట్టొద్దు. సున్నా పెడితే ఆ ఏడు మంచు పడ్డట్టు చూపిస్తుంది. ఒక ఏడాదిలో మూడు నెలలకు మించి ఖాళీలుంటే ఆ ఏడాదినే వదిలేయండి. ఏప్రిల్, మే లేని సంవత్సరం ఊరికే చల్లగా కనబడుతుంది.

ఇప్పుడు 1951–1980 సగటు ఒకటి, 1991–2020 సగటు ఒకటి తీయండి. రెంటి తేడా రాసుకోండి. తర్వాత ఏటా సగటున ఎంత మారుతోందో చెప్పే స్లోప్ ఫంక్షన్‌లో ముందు ఉష్ణోగ్రతల నిలువు వరుస, తర్వాత సంవత్సరాల నిలువు వరుస ఇవ్వండి. వచ్చినదాన్ని పదితో గుణిస్తే దశాబ్దానికి ఎన్ని డిగ్రీల మార్పో వస్తుంది. మొదలుపెట్టే సంవత్సరాన్ని మార్చి మార్చి కనీసం ఐదుసార్లు చేయండి: 1951, 1961, 1971, 1975, 1981. ఒక్క ఆరంభ సంవత్సరంతో మాత్రమే నిలబడే వాదన వాదన కాదు. "1998 నుంచి వేడెక్కడం ఆగిపోయింది" అన్న మాట చాలాకాలం చెలామణి అయింది. 1998 బలమైన ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కి ప్రపంచ సగటును పెంచే పరిణామం) ఏడాది కాబట్టి శిఖరం మీద నిలబడి చూస్తే చుట్టూ పల్లమే కనిపించింది. భయపెట్టేవాళ్లు కూడా ఇదే పని తిరగేసి చేస్తారు, చల్లని ఏడాదిలో మొదలుపెట్టి ఎల్ నినో ఏడాదిలో ముగిస్తారు. ముప్పై ఏళ్లకు తక్కువైతే ఏ ధోరణినీ నమ్మకండి.

ఇక 1966 రికార్డు. ఒక స్టేషన్‌లో ఒక రోజు పడిన అంకె ఆ మధ్యాహ్నపు గాలి దిశ, మబ్బు, నేల తేమ కలిసి తెచ్చింది. 45.5 నిజం. 1946 జనవరి 8న అదే నగరంలో నమోదైన 6.1 కనిష్ఠం కూడా నిజం. మండే రికార్డు చూపి వేడెక్కలేదనేవాళ్లు ఈ చలి రికార్డు కూడా ఇన్నేళ్లుగా అలాగే ఉందని చెప్పరు. ఒక్క రికార్డు ఏ పక్షానికీ సాక్ష్యం కాదు.

"అంకెలను వాళ్లే దిద్దుతారు" అన్న అనుమానం ఉంటే దాన్నీ పరీక్షించండి. అదే పేజీలో దిద్దని డేటా, దిద్దిన డేటా రెండూ దొరుకుతాయి. రెండింటికీ స్లోప్ తీసి పక్కపక్కన పెట్టండి. సముద్రాలతో కలిపి ప్రపంచం మొత్తానికి చూస్తే దిద్దుబాట్లు దీర్ఘకాలపు వేడిమి పెరుగుదలను తగ్గించాయే తప్ప పెంచలేదు. పాతరోజుల్లో ఓడల మీద బకెట్లతో తోడిన నీటిని కొలిచేవారు. ఆ నీరు కొలిచేలోపే చల్లారేది. దాన్ని సరిచేయడంతో పాత అంకెలు కాస్త పైకి జరిగాయి.

శాస్త్రవేత్తల్లోనే అనుమానించినవాళ్లు ఏం చేశారో తెలుసుకోవడమూ మంచిదే. భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్ ఈ లెక్కల మీద అనుమానంతో బర్క్‌లీ ఎర్త్ అనే పని మొదలుపెట్టి, లెక్క మొదటినుంచీ కట్టి, వేడెక్కడం నిజమేనని, కారణం మనుషులేనని 2012లో ప్రకటించారు. అమెరికా వాతావరణ శాస్త్రవేత్తలు జాన్ క్రిస్టీ, రాయ్ స్పెన్సర్ ఇప్పటికీ భయాలను విమర్శించేవాళ్లే. వాళ్లు నడిపే ఉపగ్రహ లెక్క 1979 నుంచి దశాబ్దానికి దాదాపు 0.15 డిగ్రీల పెరుగుదల చూపిస్తోంది. అనుమానించడమంటే ఇలా లెక్క కట్టడమే.

కాంక్రీటు వాటా తీయడం

"ఇది భూతాపం కాదు, సిమెంటు వేడి" అన్నది హైదరాబాద్‌లో అందరికన్నా బలమైన వాదన, ఎందుకంటే అందులో సగం నిజముంది. అమీర్‌పేట రోడ్డు రాత్రి పదకొండింటికీ సెగలు కక్కుతుంది. చేవెళ్ల దాటితే దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది.

మీరే కొలవొచ్చు. రెండు థర్మామీటర్లనూ ముందు నలగ్గొట్టిన ఐసుముక్కల్లో, కొద్దిగా నీళ్లు పోసి, కలుపుతూ పది నిమిషాలు ఉంచండి. సున్నా చూపాలి. అర డిగ్రీ తేడా ఉంటే రాసిపెట్టుకుని తర్వాత ప్రతి అంకెలోంచీ తీసేయండి. ఒక రాత్రంతా రెండూ పక్కపక్కనే ఉంచి ఒకేలా చూపిస్తున్నాయో లేదో చూడండి. ఆపై ఒకటి నగరం నడిబొడ్డున, ఒకటి మొయినాబాద్ వైపో శామీర్‌పేట వైపో తెలిసినవాళ్ల ఇంట పెట్టండి. నేల నుంచి నాలుగు అడుగుల ఎత్తు, గాలి ఆడే తెల్లని డబ్బా, తలుపు ఉత్తరం వైపు, కింద మట్టి లేదా గడ్డి. స్లాబు మీద, ఏసీ బయటి యూనిట్ దగ్గర పెట్టొద్దు. ఫిబ్రవరి, మార్చిలో మబ్బు, గాలి లేని రాత్రులు పది ఎంచుకుని తెల్లవారుజామున ఐదున్నరకు రీడింగ్ తీయండి. పగలు తీస్తే ఈ తేడా సరిగా దొరకదు. కాంక్రీటు పగలు తాగిన వేడిని రాత్రి వదులుతుంది. రెండు చోట్ల ఎత్తు వంద మీటర్లు తేడా ఉంటే అదొక్కటే అర డిగ్రీకి పైగా మార్చేస్తుంది, చూసుకోండి. కారు డ్యాష్‌బోర్డు చూపే 47, 48 ఈ లెక్కకు పనికిరావు. ఆ సెన్సార్ తారురోడ్డు సెగనూ ఇంజిన్ వేడినీ కలిపి చూపిస్తుంది.

నగరం వేడి అని ఇలా తేలుతుంది. అయితే నగరం పల్లె కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువ అన్నది ఒక లెక్క, ఏటేటా ఎంత పెరుగుతోంది అన్నది ఇంకో లెక్క. మూడు డిగ్రీలు ఎక్కువగా ఉండి అక్కడే ఆగిపోతే ధోరణి సున్నా. కాబట్టి బేగంపేటకు తీసిన స్లోప్‌నే మహబూబ్‌నగర్, నిజామాబాద్‌లాంటి చోట్ల, డేటా దొరికిన స్టేషన్లన్నిటికీ తీయండి. రామగుండాన్ని పల్లె అనుకోవద్దు, అక్కడ థర్మల్ కేంద్రం ఉంది. బేగంపేటలో వచ్చినదాన్నుంచి చిన్న ఊళ్ల సగటును తీసేస్తే మిగిలేది సుమారుగా నగరం వాటా. చిన్న ఊళ్లన్నిటిలో ఉమ్మడిగా ఉన్న పెరుగుదలకు అమీర్‌పేట సిమెంటు జవాబు చెప్పలేదు. అదనపు వేడిలో దాదాపు 90 శాతం పోతున్న సముద్రాలకైతే అసలే చెప్పలేదు.

ఇక్కడ సంశయవాదులకు నిజంగా ఉపయోగపడే అంకె ఒకటుంది. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక ప్రకారం 1901–2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచ సగటు కన్నా ఇది తక్కువ. దీన్ని దాచడం తప్పు. కారణాల్లో ముఖ్యమైనవి రెండు: గాలిలోని పొగ, ధూళి కణాలు ఎండను కొంత అడ్డుకుంటున్నాయి, సాగునీరు ఆవిరవుతూ నేలను చల్లబరుస్తోంది. గాలిని శుభ్రం చేసిన కొద్దీ ఆ తెర పలచబడుతుంది.

మనిషి వల్లేనా?

దీన్ని స్ప్రెడ్‌షీట్‌తో తేల్చలేం. వేలిముద్రలు వెతకాలి. సూర్యుడు కారణమైతే వాతావరణం పై పొర, కింది పొర రెండూ వేడెక్కాలి. కానీ కింది పొర వేడెక్కుతూ, పై పొర అయిన స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడిని కిందే పట్టి ఉంచే వాయువులు పెరిగితే జరిగేది ఇదే. పైగా 1978 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్న సూర్యశక్తిలో పెరుగుతున్న ధోరణి లేదు.

అగ్నిపర్వతాలు వదిలే కార్బన్ డయాక్సైడ్ మనుషులు వదిలేదానిలో ఒక శాతం కన్నా తక్కువ. గాలిలోని కార్బన్‌లో కార్బన్-13 అనే బరువైన రకం వాటా తగ్గుతోంది, ఆక్సిజన్ కూడా సూక్ష్మంగా తగ్గుతోంది. బొగ్గు, చమురు మండితే రెండూ తగ్గుతాయి. "0.04 శాతం వాయువు ఏం చేస్తుంది?" అంటే, మిగతా నైట్రోజన్, ఆక్సిజన్‌లు నేల వదిలే పరారుణ వేడిని పట్టుకోవు, ఇది పట్టుకుంటుంది. భౌతికశాస్త్రవేత్త జాన్ టిండాల్ 1859లోనే ప్రయోగశాలలో చూపించాడు. పారిశ్రామిక యుగానికి ముందు 280 పీపీఎం (పది లక్షల్లో 280 వంతులు) ఉన్నది హవాయిలోని మౌనా లోవాలో కొలత మొదలైన 1958 నాటికి 315 చేరువకు వచ్చింది, ఇప్పుడు 420 దాటింది.

భయాలను తూచేటప్పుడు

అతిశయోక్తులు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి, కాబట్టి ఇక్కడ చేయి బిగించి తూచాలి. "2050లో", "2100లో" అన్న వార్త చూడగానే అది ఏ ఉద్గారాల ఊహ మీద కట్టిందో వెతకండి. ఆర్‌సీపీ 8.5 అని ఉంటే అది అన్నిటికన్నా ఎక్కువ బొగ్గు కాల్చే ఊహ, ఇప్పటి దారి అది కాదని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఇప్పటి విధానాలతో శతాబ్దాంతానికి సుమారు 2.5 నుంచి 3 డిగ్రీల పెరుగుదల అంచనా. ఇదేమీ చిన్నది కాదు, అయినా వీడియోల్లో చెప్పే ప్రళయం వేరు. సముద్రం మింగేసే పటంలో హైదరాబాద్ కనిపిస్తే మూసేయండి, మనం సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాం.

వానల సంగతి చూద్దాం. 2020 అక్టోబరు 13–14 వానను "చరిత్రలో లేనిది" అన్నారు. బేగంపేటలో ఆ 24 గంటల్లో పడింది 19 సెంటీమీటర్ల పైచిలుకు, అక్టోబరు నెలకు అది రికార్డు. కానీ 2000 ఆగస్టు 24న అదే బేగంపేటలో దాదాపు 24 సెంటీమీటర్లు పడింది. ఇక ఘట్‌కేసర్ వైపు 2020లో 32 నమోదైంది. ఏ వానమాపకం, ఏ నెల అని అడగనిదే రికార్డు మాటను ఒప్పుకోవద్దు. 1908 సెప్టెంబరు 28 మూసీ వరదకు కార్లూ ఏసీలూ లేవు కదా అనే వాదనకూ జవాబు ఇక్కడే ఉంది: పెద్ద వానలు ముందూ ఉన్నాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి మోయగలదు కాబట్టి అలాంటి వానకు బలం పెరుగుతుంది, అంతే చెప్పగలం. 2020లో ఇళ్లు మునగడానికి మాత్రం పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగడం, నాలాల మీద కట్టడాలు పెద్ద కారణం. ఆ తప్పును కూడా భూతాపం ఖాతాలో రాసేస్తే చెరువును ఆక్రమించినవాళ్లు హాయిగా తప్పుకుంటారు.

మరణాల లెక్క కూడా జాగ్రత్తగా చదవాలి. 1977 దివిసీమ ఉప్పెనలో పదివేలకు పైగా పోయారు, 2014 హుద్‌హుద్ తుఫానుకు ఆంధ్రలో పదుల్లో. అంటే తుఫాన్లు మెత్తబడ్డాయని కాదు. హెచ్చరికలు, తుఫాను షెల్టర్లు, ముందే ఖాళీ చేయించడం పనిచేశాయి.

వడగాడ్పు అన్న మాటకు కూడా కొలత ఉంది. మైదానాల్లో గరిష్ఠం కనీసం 40కి చేరి, సాధారణం కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుండాలి, లేదా నేరుగా 45 చేరాలి. టీవీ స్క్రోలింగ్‌లో 42 కనబడగానే వడగాడ్పు అనేయొద్దు. అలాగని 42ని తేలిగ్గానూ తీసుకోవద్దు, ఉక్క ఉంటే 38 కూడా కూలీల ప్రాణం మీదికి తెస్తుంది.

గ్రూపులో జవాబు

లెక్కంతా అయ్యాక పేజీలకు పేజీలు పంపితే ఎవరూ చదవరు. ముందు ఎదుటివాళ్ల మాటలో నిజమున్నంతవరకు ఒప్పుకోండి, తర్వాత ఒక్క అంకె, చివర ఫైలు. ఇలా: "బాబాయ్, 1966 రికార్డు మీరన్నట్టు అలాగే ఉంది. సిమెంటు వేడి కూడా నిజమే. నేను బేగంపేటవి, మహబూబ్‌నగర్‌వి 1951 నుంచి లెక్క తీశాను, దిద్దని అంకెలతోనే. షీట్ పెడుతున్నా, ఆరంభ సంవత్సరం మీకిష్టమైనది మార్చి చూడండి. తప్పుంటే చెప్పండి, దిద్దుతాను." షీట్‌లో ఖాళీ నెలలు ఏవి తీసేశారో ఒక నిలువు వరుసలో తప్పకుండా రాయండి. బాబాయ్ ముందుగా చూసేది దాన్నే.