మంత్రి 'అన్నది' కాదు, 'అన్నారు': వార్తల కాపీ దిద్దేవాళ్లకు

మహిళా మంత్రి, కలెక్టర్, ఎస్పీ వార్త చేతికి రాగానే ముందు క్రియలు చూడండి. తెలుగులో 'బస్సు వచ్చింది', 'ఆవు వచ్చింది', 'ఆమె వచ్చింది' మూడూ ఒకటే రూపం. మగవాడికి 'వచ్చాడు' అని విడిగా ఉంది, ఆడమనిషికి ఏకవచనంలో అదీ లేదు. పదవిలో ఉన్నావిడకు 'రు' తప్పిందంటే అందుకే అంత ఎబ్బెట్టుగా వినిపిస్తుంది.

ఇంట్రోలో, అంటే వార్త మొదటి పేరాలో, 'మంత్రి ప్రకటించారు' అని సక్రమంగానే ఉంటుంది. జారేది కింద, నాలుగో పేరాలోనో ఐదో పేరాలోనో: 'కంటతడి పెట్టింది', 'మండిపడింది', 'అలిగి వెళ్లిపోయింది'. ఏడుపు, కోపం, అలక వచ్చేసరికి రాసేవాడికి మంత్రి కనబడదు, ఆడమనిషే కనబడుతుంది. కాపీని ఒకసారి చివరి పేరా నుంచి పైకి, క్రియలు మాత్రమే చూసుకుంటూ రండి. హెడ్డింగులో చోటు చాలలేదన్న సాకు చెల్లదు. 'అన్నది', 'అన్నారు' రెండూ మూడక్షరాలే. నిజంగా ఇరుకైతే క్రియే తీసేయండి: 'రాజీ లేదు: హోంమంత్రి'.

తర్వాత పదవి పేరు. 'మహిళా కలెక్టర్', 'లేడీ ఎస్పీ' అనక్కర్లేదు, పేరు చూస్తే తెలుస్తుంది. ఆ మాటే వార్త అయిన రోజు వేరు. 1999లో ప్రతిభా భారతి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి తొలి మహిళా స్పీకర్ అయ్యారు. ఎన్నికైన రోజు అలా రాయాలి, మర్నాటి నుంచి స్పీకరే. 'తొలి' అని వేసేముందు పాత రికార్డు చూసుకోండి. 2019లో నిర్మలా సీతారామన్‌ను 'తొలి మహిళా ఆర్థిక మంత్రి' అంటే తప్పు. 1969-70లో ప్రధానిగా ఉంటూనే ఇందిరా గాంధీ ఆ శాఖ చూశారు. 'పూర్తికాలపు తొలి' అనాలి. నిర్మల నరసాపురం కుటుంబానికి కోడలు కాబట్టి మనవాళ్లు 'తెలుగింటి కోడలు' అని మురిసిపోతారు. నరసాపురం వచ్చిన రోజు రాసుకోండి, బడ్జెట్ ఇంట్రోలో ఆ మాటకు పనేముంది?

పదవి పేరుకు లేని స్త్రీలింగం కట్టొద్దు. రాష్ట్రపతిలో 'పతి' అంటే అధిపతి, మొగుడు కాదు. 2022 జులైలో ద్రౌపదీ ముర్మును కాంగ్రెస్ ఎంపీ అధీర్ రంజన్ చౌధరి 'రాష్ట్రపత్ని' అన్నందుకు పార్లమెంటు అట్టుడికింది, ఆయన లేఖ రాసి క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది.

చీర సంగతి. 2015లో తెలంగాణ ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్ మీద ఒక జాతీయ పత్రిక ఆమె చీరల గురించి వెకిలి రాత రాసి, ఫ్యాషన్ షోలో నడుస్తున్నట్టు బొమ్మ కూడా వేసింది. ఆమె లీగల్ నోటీసు పంపారు. ఇలాంటి వాక్యం కాపీలో తగిలితే ఆ చోట చీఫ్ సెక్రటరీగారిని నిలబెట్టి చదవండి: 'లేత నీలం చొక్కాలో మెరిసిన సీఎస్'. నవ్వొస్తే కొట్టేయండి. బట్టే వార్తయ్యే సందర్భాలూ ఉంటాయి. 2025 బడ్జెట్ రోజు నిర్మల కట్టుకున్నది మధుబని కళాకారిణి దులారీ దేవి చిత్రించిన చీర. అప్పుడైనా దాన్ని పక్కన విడిగా బాక్స్ ఐటెమ్‌గా, కళాకారిణి పేరుతో ఇవ్వండి. ఇంట్రోలోకి తేవద్దు.

థంబ్‌నెయిల్‌కు వీడియో ఆపినప్పుడు నోరు తెరిచిన ఫ్రేమో, కళ్లు సగం మూసిన ఫ్రేమో పడుతుంది. ముందూ వెనకా ఐదారు ఫ్రేములు చూసి ఎంచండి. ముఖం మీదికి జూమ్, ఎర్ర బాణం, 'ఉతికి ఆరేసిన మేడమ్' వద్దు.

ప్రత్యర్థి నోరు జారితే ఆ తిట్టును హెడ్డింగుకు ఎక్కించకండి. అలాగని 'అనుచిత వ్యాఖ్యలు' అని వదిలేస్తే పాఠకుడికి ఏమీ తెలియదు. ఎవరు, ఏ విషయం మీద, ఎక్కడ అన్నారో చెప్పండి.

వీడియో యూట్యూబ్‌లో వేస్తుంటే, కింద కామెంట్లలో బూతులు పడకుండా యూట్యూబ్ స్టూడియో సెట్టింగ్స్‌లో నిషిద్ధ పదాల పట్టిక ముందే నింపుకోండి. తెలుగు లిపిలో పెడితే సరిపోదు, బూతులు ఎక్కువగా వచ్చేది ఇంగ్లిష్ అక్షరాల్లో. ఒక్కో మాటకు రెండు మూడు స్పెల్లింగులు వేయండి.