పాల లెక్క పక్కన ఎర్ర సిరా

మా చిన్నోడికి అప్పుడు ఎనిమిదేళ్లు. పొద్దున యూనిఫాం వేసే వేళకి కడుపునొప్పి అనేవాడు. నులిపురుగుల మాత్ర వేశాం, స్కానింగ్ తీయించాం, మా అమ్మ దిష్టి కూడా తీసింది. పిల్లల డాక్టరు ఏమీ లేదన్నారు. బడి ఎగ్గొట్టే వేషాలని ఓ రోజు రెండు తగిలించాను కూడా. ఆ తప్పు మీరు చేయకండి. టెన్షన్ పడితే పిల్లలకి కడుపు నిజంగానే నొప్పి పుడుతుంది.

అలాగని డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకూడదు. ఒంట్లో ఏమీ లేదని ముందు తేలాలి. చదువులో ఉన్నట్టుండి వెనకబడితే కళ్లు, మాటలు రాకపోతే చెవులు పరీక్ష చేయించండి. రెండేళ్లు నిండినా "అమ్మా రా" అని రెండు మాటలు కలపకపోయినా, వచ్చిన మాటలు పోయినా, మగపిల్లలకి మాటలు ఆలస్యమేలే అని కూర్చోవద్దు.

మా ఇంట్లో పాల లెక్క గోడ కేలెండర్ మీదే రాస్తాం. నొప్పి వచ్చిన రోజు అందులోనే ఎర్ర పెన్నుతో 'క' అని, పక్క తడిపితే 'ప' అని మా ఆవిడ రాయడం మొదలుపెట్టింది. నాలుగు వారాలు చూస్తే ఆదివారాల్లో ఒక్క 'క' లేదు. డాక్టరుకి మేం చెప్పిన మాటలన్నిటికంటే ఆ కాగితమే ఎక్కువ పనికొచ్చింది. మీరూ రాయండి, రెండు వారాలైనా.

పక్కింటి పిల్లాడితో పోల్చకండి. ఆర్నెల్ల కిందటి మీ పిల్లాడితోనే పోల్చండి. మొదటినుంచీ సిగ్గరి అయితే అది వాడి స్వభావం. చీకటి పడేదాకా వీధిలో క్రికెట్ ఆడేవాడు బ్యాట్ ముట్టుకోవడం మానేస్తే అడగాల్సిందే. నిద్ర, తిండి, బడి, స్నేహితులు... వీటిలో రెండు మూడు కలిసి దెబ్బతిని, వారాల తరబడి అలాగే ఉంటే పిల్లల మనసు సమస్యలు చూసేవాళ్లకి చూపించండి. టీచర్ని మార్కులు కాదు, ఇంటర్వెల్‌లో ఏం చేస్తున్నాడో అడగండి. మావాడు గేటు దగ్గర నిలబడి రోడ్డు వంక చూస్తుంటాడని అప్పుడే తెలిసింది.

చచ్చిపోతాననే మాట అన్నా, తనని తాను గాయపరచుకున్నా కేలెండర్లూ వారాలూ లేవు. ఆ రోజే తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు ప్రభుత్వ ఫోన్ సేవ, ఉచితం, రాత్రయినా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరైనా పిల్లల్ని హింసిస్తున్నారని అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి.

చిన్నపిల్లల ఎదుగుదల సమస్యలకు చాలా జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీలున్నాయి, అంటే ఇలాంటివి తొందరగా గుర్తించి సాయం చేసే ప్రభుత్వ కేంద్రాలు. ప్రైవేటులో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి వెళ్తే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. మొహమాటం అక్కర్లేదు.

మావాడి చేత సైకాలజిస్టు బొమ్మలు వేయించారు. మూడోసారి వెళ్లినప్పుడు బయటపడింది. మా నాన్న పోయింది వాడు బళ్లో ఉన్నప్పుడు. మళ్లీ తను బడికెళ్తే ఇంట్లో ఇంకెవరో పోతారని వాడి భయం. తాతయ్య ఊరెళ్లాడని వాడికి చెప్పింది నేనే.

తీసుకెళ్లే ముందు ఎక్కడికో, ఎందుకో పిల్లలకి నిజం చెప్పండి. మావాడు అడిగింది ఒక్కటే, సూది వేస్తారా అని. వేయరని చెప్పాక, చెప్పుల కోసం వాడే వెతుక్కున్నాడు.