అవకాడో గింజ నాటండి, కాయల సంగతి తర్వాత చూద్దాం

ముందే ఒక మాట చెప్పేస్తా. గింజ నుంచి అవకాడో మొక్కను లేపడం చాలా తేలిక, ఆ మొక్కతో కాయలు కాయించడం మాత్రం వేరే లెక్క. వీడియోల్లో గ్లాసులో గింజ చూపించి, మరుక్షణం చెట్టు నిండా కాయలు చూపిస్తారు గానీ మధ్యలో గడిచే ఏళ్లు చూపించరు. గింజ మొక్క కాపుకు రావడానికి ఐదేళ్ల నుంచి పదేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది, వచ్చినా మీరు తిన్న పండు రుచే వస్తుందన్న గ్యారంటీ లేదు. విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా అంటారు కదా, అవకాడోలో దాదాపు అదే జరుగుతుంది. ఇవాళ ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే హాస్ రకం పుట్టుకే అలాంటిది. కాలిఫోర్నియాలో రుడాల్ఫ్ హాస్ అనే పోస్ట్‌మ్యాన్ నాటిన గింజ మొక్కల్లో ఒకదానికి అంటు పట్టలేదు, దాన్ని కొట్టేయకుండా వదిలేస్తే దాని కాయే అందరికీ తెగ నచ్చింది, 1935లో ఆయన పేటెంట్ కూడా తీసుకున్నాడు. మనకూ అలా లాటరీ తగలొచ్చు, కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. పచ్చగా, పెద్ద ఆకులతో చూడ్డానికి బాగుండే మొక్క కావాలంటే మాత్రం నిక్షేపంగా మొదలుపెట్టండి.

గింజ కోసం పండ్ల దుకాణాల్లో బటర్ ఫ్రూట్ పేరుతో అమ్మే నున్నటి పెద్ద పచ్చ కాయలు తీసుకోండి. అవి ఎక్కువగా కూర్గ్, వయనాడ్, నీలగిరి వైపు నుంచి వస్తాయి. గరుకు తొక్క ఉన్న హాస్ కూడా మొలుస్తుంది గానీ అది చల్లటి చోట్లకు అలవాటైన రకం, మన ఎండల్లో దాని మొక్కను కాపాడుకోవడం కష్టం. పండు బాగా మాగాకే కోయండి. చాలామంది గింజ మీద కత్తితో టపీమని కొట్టి తిప్పి లాగుతారు, నాటాలనుకుంటే అది వద్దు, చెంచాతో తీయండి. కత్తి గాటు పడిన చోట కాసేపటికే ఎరుపు, నారింజ కలిసిన రంగు తేలుతుంది, ఆ రసం బట్టకు అంటితే ఒక పట్టాన వదలదు. గింజను నీళ్లతో కడిగి గుజ్జంతా పోగొట్టండి. పైనున్న గోధుమరంగు పొర తీసేస్తే మొలక కాస్త తొందరగా వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, గింజను ఆరనివ్వకండి. చిక్కుడు గింజల్లా ఎండబెట్టి దాచిపెడితే లోపల ప్రాణం పోతుంది.

టూత్‌పిక్‌లు గుచ్చి గ్లాసు మీద నిలబెట్టే పద్ధతి నాకు పెద్దగా నచ్చదు. పిల్లలకు వేరు రావడం చూపించడానికి బాగుంటుంది, అంతే. రోజూ నీళ్లు చూసుకోవాలి, మార్చకపోతే కంపు, పైగా ఆ నీళ్లలో దోమలు. దానికన్నా తడి టిష్యూలో చుట్టి, జిప్ కవర్‌లో పెట్టి వంటింటి అలమరలో ఓ మూల పడేయండి, వారానికోసారి తీసి చూస్తే చాలు. రెండు వారాల్లో రావొచ్చు, రెండు నెలలూ పట్టొచ్చు. ముందు గింజ రెండుగా చీలుతుంది, చెడిపోయిందని పారేయకండి, ఆ చీలిక అడుగు నుంచే తెల్లటి వేరు బయటికొస్తుంది. అది రెండు మూడు అంగుళాలు అయ్యాక కుండీలోకి మార్చండి. ఇదంతా ఎందుకనుకుంటే తడి కోకోపీట్‌లో, అంటే కొబ్బరి పీచు పొట్టులో, నేరుగా పెట్టేయండి. ఎలా పెట్టినా వెడల్పు వైపు కిందికి, మొన పైకి ఉండాలి, గింజ పైసగం మట్టి బయట కనిపించాలి.

అసలు టెన్షన్ కుండీలోనే. అవకాడో చచ్చిపోయేది ఎక్కువగా నీళ్లు చాలక కాదు, ఎక్కువై. వేళ్ల దగ్గర నీరు నిలిస్తే వేరుకుళ్లు బూజు పట్టేస్తుంది, అప్పుడు మొక్క వాడిపోతే దాహమనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం, దాంతో కథ ముగుస్తుంది. అందుకే ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కోకోపీట్, కాస్త ముతక ఇసుక కలిపి, అడుగున రంధ్రాలు బాగా ఉన్న కుండీలో పెట్టండి. వేలు రెండు కణుపుల లోతు దింపి చూసి, పొడిగా తగిలితేనే నీళ్లు పోయండి. ఇక ఆకు కొసలు మాడి గోధుమరంగులోకి తిరుగుతుంటే ఎక్కువసార్లు అది తెగులు కాదు, నీళ్లలోని ఉప్పు. అవకాడోకు ఉప్పు అసలు పడదు, మన బోరు నీళ్లు చూస్తే బకెట్ అంచున తెల్లటి పొర కడతాయి. ఆర్‌వో మెషిన్ వదిలే వేస్ట్ వాటర్ మొక్కలకు పోసే అలవాటుంటే ఈ మొక్కకు మాత్రం పోయొద్దు, అందులో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. వాన నీళ్లు పట్టి పెట్టుకోండి, లేదంటే అప్పుడప్పుడు మంచినీళ్లు కుండీ అడుగు నుంచి బాగా కారేదాకా పోసి ఉప్పు కడిగేయండి.

నాటడానికి వానలు మొదలయ్యే రోజులు మంచివి, వేసవి వచ్చేలోగా మొక్క కుదురుకుంటుంది. లేత ఆకులు రాగి రంగులో వచ్చి తర్వాత పచ్చబడతాయి, కంగారు పడకండి. ఇంట్లో పెరిగిన మొక్కను ఒక్కసారిగా డాబా ఎండలో పెట్టకండి, ముందు ఉదయపు ఎండ, తర్వాత కొంచెం కొంచెంగా పెంచండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం గ్రీన్ నెట్ కింద ఉండాల్సిందే. అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు మంచు పడకముందే లోపలికి తెచ్చి కిటికీ పక్కన పెట్టుకోవాలి.

అడుగు ఎత్తు రాగానే కొన తుంచేస్తే పక్క కొమ్మలు వస్తాయి, లేకపోతే కర్రలా పైకే పోతుంది. తుంచిన ఆకులు మేకలకు, కుందేళ్లకు వేయకండి, పంజరంలో పక్షులుంటే వాటికీ అందనివ్వకండి. ఆకులోని పెర్సిన్ అనే పదార్థం వాటికి విషం.

కాయలే కావాలంటే ఈ గింజ మొక్కను పునాదిగా వాడుకోవచ్చు. కాండం పెన్సిల్ లావయ్యాక పైభాగం కోసి, మధ్యలో చీల్చి, బాగా కాసే చెట్టు కొమ్మ ముక్కను అందులో దించి టేపుతో గట్టిగా చుట్టాలి. మామిడికి అంటు కట్టే మనిషి దొరికితే అతనికి ఇది పెద్ద పనేమీ కాదు. అలా కడితే మూడు నాలుగేళ్లలో కాపు చూడొచ్చు. పువ్వు ఒక పూట ఆడపువ్వుగా తెరుచుకుని మూసుకుంటుంది, మర్నాడు ఇంకో పూట మగపువ్వుగా తెరుచుకుంటుంది, రకాన్ని బట్టి ఈ పూటలు తారుమారవుతాయి, కాబట్టి ఏ, బి అని పిలిచే ఈ రెండు రకాలూ దగ్గర్లో ఉంటే కాపు మెరుగ్గా ఉంటుంది. ఇంత ఓపిక లేకపోతే అంటు మొక్కే కొనుక్కోండి. కొనేటప్పుడు కాండం కింది భాగంలో అంటు కట్టిన బుడిపె ఉందో లేదో వేలితో తడిమి చూడండి, గింజ మొక్కను అంటు మొక్క ధరకు అంటగట్టేవాళ్లకు కొదవ లేదు.