సూర్యలంకలో లాడ్జి ఉన్నోళ్ళు కార్తీకం రాకముందే చూస్కోవాల్సినవి

గుంటూరులో కాపురం, సూర్యలంకలో నాలుగు గదుల లాడ్జి, ఇట్టాంటి మనబోటోళ్ళకి నాలుగు డబ్బులు కనపడేది కార్తీకంలోనే, సముద్ర స్నానాలకి బెజవాడ నుంచి నర్సరావుపేట నుంచి జనం విరగబడతారు, తుఫాన్లు కూడా సరిగ్గా అప్పుడే. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన, 2023 డిసెంబర్ 5న మన బాపట్ల దగ్గరే తీరం దాటిన మిచౌంగ్, రెండూ కార్తీకంలో వచ్చినవే.

అందుకే బుకింగ్ తీసుకునేటప్పుడే చెప్పేయండి, వార్నింగ్ వస్తే గదులు ఖాళీ చేయిస్తాం, అడ్వాన్స్ తిరిగిచ్చేస్తాం అని. నిజాంపట్నం హార్బర్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశాక కూడా "ఏం కాదులే అన్నా, అలలు చూసి పోతాం" అనే బ్యాచ్ ఒకటి ఉంటది, వాళ్ళ డబ్బులకి ఆశపడొద్దు, ముందు పంపించేయండి.

ఇక రేకులు. ఉప్పుగాలికి పైన బాగానే కనపడతాయి గానీ హుక్కులు కింద నట్టు దగ్గర తినేసి ఉంటాయి, మేస్త్రీ మాట నమ్మకుండా దగ్గరుండి స్పానర్ వేయించి చూడండి, తిప్పితే పొడి రాలిందంటే మార్చాల్సిందే. సింటెక్స్ ట్యాంకు నిండా నీళ్ళు పట్టేయండి, ఖాళీదైతే గాలికి లేచిపోద్ది, నిండుగా ఉంటే కరెంటు లేనన్నాళ్ళు నీళ్ళూ ఉంటాయి. కొబ్బరిచెట్ల కాయలు, ఎండుమట్టలు ముందే దింపించండి. జనరేటర్ మాత్రం వాన పడుతోందని వంటగదిలోకో వరండాలోకో లాగొద్దు, ఆ పొగ ప్రాణం తీసేస్తది, బయటే విడిగా షెడ్డు వేయించండి.

ఇన్సూరెన్స్ పేపర్లో తుఫాను, వరద ఉన్నాయో లేదో చూసి, ప్రతి గదీ ఫోన్లో వీడియో తీసి గుంటూరులో ఉన్నోళ్ళకి పంపించండి.

గాలి ఒక్కసారిగా ఆగిపోతే అయిపోయిందనుకుని రేకులు ఏరడానికి బయటికి రావద్దు, అది తుఫాను కన్ను అయితే కాసేపటికి అటుపక్క నుంచి మళ్ళీ కొడతది. ఖాళీ చేయమన్నప్పుడు వాచ్‌మన్‌ని కాపలా పెట్టి మనం గుంటూరులో కూర్చోవడం ఏం పద్ధతండీ, ఆయన్నీ ఇంటోళ్ళనీ కూడా బాపట్ల తీసుకెళ్ళండి. తిరిగొచ్చాక బావిలో ఉప్పునీళ్ళు పడ్డాయేమో చూసి, తోడించి బ్లీచింగ్ వేయించందే వంటకి వాడొద్దు, మెయిన్ స్విచ్ ఎలక్ట్రీషియన్ వచ్చిందాకా ముట్టుకోవద్దు.