పంటికి క్యాప్: ఒక్కరోజులో వేసేదా, ల్యాబ్‌లో చేయించేదా? ముందు చూసుకోవలసినవి

క్యాప్ తొడగడానికి అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు కనుక, ఏ పద్ధతి అని అడిగే ముందే ఎక్స్‌రే తీయించి లోపలి నరం, వేరు బాగున్నాయో లేదో తేల్చుకోవాలి. లేకుంటే తర్వాత రూట్ కెనాల్ కోసం కొత్త క్యాప్‌కే రంధ్రం పెట్టవలసి రావచ్చు.

ముందుపన్ను అయితే తొందర వద్దు. ఒక్కరోజు క్యాప్‌ను యంత్రం సాధారణంగా ఒకే దిమ్మ నుంచి చెక్కుతుంది; పక్కపళ్ల ఛాయకు తగ్గట్టు పింగాణీని పొరలుగా పేర్చడం ల్యాబ్ నిపుణుడి చేతిపని. ఏ పద్ధతిలోనైనా రంగును పన్ను అరగదీయకముందే ఎంచుకోవాలి, ఎందుకంటే నోరు తెరిచి ఉంచినకొద్దీ పళ్లు ఆరిపోయి అసలు కంటే తెల్లగా కనిపిస్తాయి.

నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ముందే చెప్పండి. దవడపంటికి జిర్కోనియా వంటి గట్టి పదార్థం అవసరం కావచ్చు, దాన్ని అదే రోజు చేసే ఏర్పాటు అన్నిచోట్లా ఉండదు.

పన్ను చిగుళ్ల కిందివరకు విరిగి ఉంటే, క్యాప్ కొలతల కోసం స్కానింగ్ ఎలా చేస్తారో అడగండి. స్కానర్ తనకు కనిపించినదాన్నే కొలుస్తుంది. రక్తం, లాలాజలం అడ్డుపడితే క్యాప్ అంచు సరిగా కూర్చోదు.

ఒక్కరోజు క్యాప్‌ను తరచూ నోరు మొద్దుబారి ఉండగానే అతికిస్తారు కాబట్టి, అది ఎత్తుగా ఉన్నా అప్పటికి తెలియదు. మత్తు వదిలాక కొరికి చూసుకుని, ముందుగా అదే తగులుతుంటే ఆలస్యం చేయకుండా సరిచేయించుకోవాలి.

ల్యాబ్ క్యాప్ వచ్చేదాకా, అంటే రెండు మూడు వారాలు, దూరప్రయాణం పెట్టుకోకపోవడం మేలు. అప్పటివరకు పెట్టే తాత్కాలిక క్యాప్ ఊడితే పక్కపళ్లు జరిగి, చేయించిన క్యాప్ పట్టకపోవచ్చు. అది ఊడకుండా, ఫ్లాస్‌ను (పళ్ల సందులు శుభ్రం చేసే దారాన్ని) పైకి కాక పక్కకు లాగి తీయండి.