బ్రేక్‌డాన్స్ క్లాసు మొదలెట్టాక వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

తొలి వారాల్లో "నాలో బలం చాలట్లేదు" అనిపించిన చోట కాస్త ఆగి చూడండి. చాలాసార్లు బలానికి లోటుండదు, బరువే పడకూడని చోట పడుతూ ఉంటుంది.

సమస్య: క్లాసయ్యాక సీసా మూత తిప్పబోతే మణికట్టు చురుక్కుమంటోంది

కారణం: నేల మీద చేయి ఆనించినప్పుడు వేళ్లు ఖాళీగా ఉండి, భారమంతా మణికట్టు పక్కనున్న అరచేతి అడుగుభాగం మోస్తోంది.

పరిష్కారం: వేళ్లు బాగా విడదీసి, కొసలతో నేలను పట్టుకున్నట్టు నొక్కండి. కణుపులు కొద్దిగా లేస్తే సరిగ్గా చేస్తున్నట్టే. క్లాసుకు ముందు మోకాళ్లు, చేతుల మీద ఉండి వేళ్లు ముందుకు, పక్కలకు, మీవైపుకు తిప్పి, ఒక్కో దిక్కులో పదిసార్లు మెల్లగా ఊగండి. నొప్పి ఉన్నా పట్టుదలగా చేయడం గొప్పేం కాదు. వాపుంటే మానేయండి, కొన్ని రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

సమస్య: సిక్స్ స్టెప్‌లో (నేల మీద చేతులు ఆనించి, కాళ్లను ఆరు అంగల్లో చుట్టూ తిప్పే స్టెప్పు) కాలు చేతికి తగిలి ఆగిపోతోంది

కారణం: కాలు వచ్చే దారిలో ఉన్న చేయి ఆలస్యంగా లేస్తోంది. మడమలు నేలకు ఆనడం, నడుము జారి పిర్రలు కిందికి దిగడం కూడా తోడవుతాయి.

పరిష్కారం: మ్యూజిక్ ఆపేయండి. ఆరు స్థితుల్లోనూ రెండేసి లెక్కలు ఆగండి. కాలు కదిపేముందు దాని దారిలోని చేయి గాల్లోకి లేపి చూడండి. అది లేవనంటే బరువు ఆ చేతిమీదే ఉందన్నమాట. ముందు రెండో చేతికీ పాదాల ముందుభాగానికీ మార్చండి. ఆ తర్వాతే వేగం. రెండో దిక్కులో కూడా ఇప్పుడే నేర్చుకోండి, తర్వాత బద్ధకిస్తారు.

సమస్య: బేబీ ఫ్రీజ్‌లో (చేతులు, తల మీద బరువు నిలిపి కదలకుండా ఆగే భంగిమ) పాదాలు లేవవు, లేచినా పక్కకు దొర్లిపోతారు

కొత్తవాళ్లను ఎక్కువగా విసిగించేది ఇదే. కారణాలు మూడు. మోచేయి పక్కటెముకల మీద ఉండి జారిపోవడం మొదటిది. చేతులు, తల ఒకే వరుసలో ఉండటం రెండోది. పాదాలు లేపడానికి ఎగరడం మూడోది.

పరిష్కారం: కుడిచేత్తో మొదలెడితే, కుడి మోచేతిని తుంటి ఎముకకు కాస్త లోపల, పొట్ట పక్కన గుచ్చినట్టు పెట్టండి. ఆ అరచేతి వేళ్లు బయటివైపుకు చూడాలి. ఎడమచేయి భుజాల వెడల్పులో. తల పక్కభాగం ఆ రెండిటికీ ముందు ఆనితే మూడు కాళ్ల పీట అవుతుంది. ఒక మోకాలిని ఎడమ మోచేతి మీద ఆనించి, బరువును మెల్లగా ముందుకు జరపండి. కాసేపటికి రెండో కాలి బొటనవేలు నేలను ఊరికే తాకుతున్నట్టు తేలికవుతుంది. అప్పుడు ఎత్తితే చాలు, ఎగరక్కర్లేదు. మెడ బిగుసుకుంటుంటే తల ఎక్కువ మోస్తున్నట్టు. అరచేతులతో నేలను తోయండి.

సమస్య: స్టెప్పులన్నీ వచ్చు, బీట్ మాత్రం తప్పుతోంది

కారణం: చెవి పాట మీద కాకుండా స్టెప్పుల లెక్క మీద ఉంది. ఈ డాన్స్ పేరులోని "బ్రేక్" అంటే పాటలో గాత్రం ఆగి డ్రమ్స్ ఒంటరిగా మోగే చోటు. 1970లలో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ ఒకే రికార్డు రెండు ప్రతులతో ఆ ముక్కను సాగదీసి వాయించేవాడు, డాన్సర్లు అక్కడే దిగేవారు.

పరిష్కారం: నాలుగు లెక్కల్లో రెండు, నాలుగు మీద పడే స్నేర్ (చురుగ్గా "టక్"మనే డ్రమ్) దెబ్బకు చప్పట్లు కొట్టండి. కుదిరాక ఒక పాటంతా టాప్‌రాక్ (నిలబడి వేసే స్టెప్పులు) ఒక్కటే చేయండి.

సమస్య: విండ్‌మిల్ (భుజాలు, వీపు మీద దొర్లుతూ కాళ్లు గాల్లో తిప్పే కదలిక) ప్రయత్నిస్తే భుజం, వీపు కమిలిపోతున్నాయి

కారణం: తొందర. మోచేతి ఊతం నిలవకముందే ఒళ్లు నేలకు పడేస్తున్నారు, వెన్నెముక గట్టిగా తగులుతోంది.

పరిష్కారం: బేబీ ఫ్రీజ్ రెండు వైపులా పది సెకన్లు నిలిచేదాకా దీన్ని పక్కన పెట్టండి. తర్వాత మెత్తటి మ్యాట్ మీద, మోచేతి ఊతం నుంచి భుజం వెనకభాగం మీదుగా పైవీపుకు దొర్లడం ఒక్కటే సాధన చేయండి. ఈ దశలో కాళ్లు ముడుచుకోకుండా వెడల్పుగా చాచి ఉంచండి, తిరిగే ఊపు వాటి నుంచే వస్తుంది.